ఫైర్ సర్వీసులో చేరాలనుకునే మీ తమ్ముడికి: డిప్లొమా ఫీజు కట్టే ముందు తెలుసుకోవలసినవి

అమ్మా, మీ ప్రశ్న శ్రద్ధగా చదివాను. మీ తమ్ముడు ఈ ఏడాది ఇంటర్ ఎం.పి.సి. పూర్తి చేశాడనీ, అగ్నిమాపక సర్వీసులో పనిచేయాలన్నది అతని చిన్ననాటి కోరిక అనీ రాశారు. విశాఖపట్నం గాజువాకలో ఒక సంస్థ ఆరు నెలల ‘ఫైర్ అండ్ సేఫ్టీ’ డిప్లొమా చేస్తే ఉద్యోగం ఖాయమని చెప్పి పెద్ద మొత్తం అడుగుతోందట. ఆ ఫీజు కట్టవచ్చా, కట్టకపోతే ఏం చదివించాలి, ఒంటిని ఎలా సిద్ధం చేసుకోవాలి, ఆడపిల్లలు ఈ చదువుకు పనికివస్తారా అన్నవి మీ ప్రశ్నలు. అమ్మగారు భయపడుతున్నారని చివర్లో ఒక మాట కూడా రాశారు. నేను ఫైర్‌మ్యాన్‌గా చేరి, స్టేషన్ బాధ్యతలు చూసి, తరువాత కొత్తగా చేరినవాళ్లకు శిక్షణ ఇచ్చి రిటైరైనవాణ్ణి కనుక, తెలిసినంతలో వివరంగానే చెబుతాను.

మొదట ఫీజు సంగతి. ఆ డబ్బు ఇప్పుడు కట్టవద్దు. ఆ సంస్థ మంచి చెడ్డల గురించి నేనేమీ అనడం లేదు; మీ తమ్ముడు కోరుకుంటున్న ఉద్యోగానికి ఆ డిప్లొమా అవసరం లేదు కాబట్టి వద్దంటున్నాను. మన ఊళ్లో మూడు వేర్వేరు వృత్తులను ఒకే గాటన కట్టి మాట్లాడుతుంటారు. మంట దగ్గరికి వెళ్లి దాన్ని ఆర్పడం, లోపల చిక్కుకున్నవాళ్లను బయటికి తీసుకురావడం అగ్నిమాపక సిబ్బంది పని. భవనంలో మెట్లు ఎక్కడ ఉండాలి, మంట లేస్తే పైకప్పు నుంచి నీరు చల్లే స్ప్రింక్లరుకు ఎంత నీరు కావాలి, ట్యాంకుల మధ్య ఎంత దూరం ఉండాలి అని లెక్క కట్టేది ఫైర్ ఇంజినీరు. ఫ్యాక్టరీలో పని మొదలు కాకముందే ప్రమాదాన్ని గుర్తించి, పర్మిట్ ఇవ్వాలా వద్దా అని చూసేది సేఫ్టీ ఆఫీసరు. ఈ మూడింటికీ అర్హతలు వేరు, పరీక్షలు వేరు, రోజు గడిచే తీరు వేరు. సంస్థలు అమ్మే చిన్న డిప్లొమాలు ఎక్కువగా మూడో వృత్తి అంచుల్లో, కాంట్రాక్టర్ల దగ్గర సేఫ్టీ స్టూవార్డు, ఫైర్ వాచర్ వంటి చిన్న కొలువులకు పనికివస్తాయి. అవి గౌరవం లేని పనులని కాదు గానీ, మీ తమ్ముడు అడుగుతున్నది అది కాదు.

మన రాష్ట్ర విపత్తు స్పందన, అగ్నిమాపక సేవల శాఖలో ఫైర్‌మ్యాన్ పోస్టులను రాష్ట్ర స్థాయి పోలీసు నియామక మండలి ద్వారా భర్తీ చేస్తూ వచ్చారు. రాత పరీక్ష ఉంటుంది, పరుగు, లాంగ్ జంప్ వంటి దేహదారుఢ్య పరీక్షలు ఉంటాయి, వైద్య పరీక్ష ఉంటుంది. ఎంపికైన తరువాత శాఖే జీతమిచ్చి శిక్షణ ఇస్తుంది. అంటే మీరు డబ్బు పెట్టి కొనబోతున్న పాఠాన్ని, అంతకంటే ఎన్నో రెట్లు బాగా, ప్రభుత్వమే నేర్పుతుంది. రాత పరీక్షలో అడిగేవి అంకగణితం, రీజనింగ్, ఇంగ్లీషు, జనరల్ సైన్సు, చరిత్ర, భూగోళం, వర్తమాన విషయాలు. కానిస్టేబుల్ పరీక్షకు చదివేవాళ్ల పుస్తకాలే ఇక్కడా సరిపోతాయి. అయితే ఈ నోటిఫికేషన్లు ఏటా రావు. ఒక్కోసారి చాలా ఏళ్లు ఎదురుచూడవలసి వస్తుంది. కనుక చదువు మాన్పించి నోటిఫికేషన్ కోసం ఖాళీగా కూర్చోబెట్టకండి. డిగ్రీ చేతిలో ఉంటే స్టేషన్ ఫైర్ ఆఫీసర్ ప్రత్యక్ష నియామకాలకు కూడా అర్హత వస్తుంది. ఆ మెట్టు నుంచి మొదలుపెట్టిన మనిషి సర్వీసు మొత్తం వేరేగా నడుస్తుంది. హెవీ వెహికిల్ లైసెన్సు ఉంటే డ్రైవర్ ఆపరేటర్ పోస్టులకు దారి తెరుచుకుంటుంది. ఇంజను నడిపేవాడే ఘటనా స్థలంలో పంపు కూడా నడుపుతాడు కాబట్టి అది తక్కువ పని అని ఎవరైనా అంటే నమ్మకండి.

కేంద్రం వైపు చూస్తే కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం, అంటే సి.ఐ.ఎస్.ఎఫ్., ఫైర్ విభాగం మీ తమ్ముడికి బాగా సరిపోతుంది. ఇటీవలి కానిస్టేబుల్ ఫైర్ నోటిఫికేషన్లలో సైన్సుతో ఇంటర్, 18 నుంచి 23 ఏళ్ల వయసు, 170 సెంటీమీటర్ల ఎత్తు, 80 సెంటీమీటర్ల ఛాతీ, గాలి పీల్చినప్పుడు 85, అయిదు కిలోమీటర్ల పరుగు 24 నిమిషాల్లో అని అడిగారు. కొన్ని వర్గాలకు, కొన్ని ప్రాంతాలవారికి సడలింపులు ఉంటాయి. ఎం.పి.సి. చదివిన కుర్రవాడికి విద్యార్హత ఇప్పటికే ఉంది. మిగిలింది పరుగూ, పరీక్షా. ఇవి కాక తూర్పు నావికాదళంలో సివిలియన్ ఫైర్‌మ్యాన్ పోస్టులు పడుతుంటాయి, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ జూనియర్ అసిస్టెంట్ ఫైర్ సర్వీస్ పోస్టులు ప్రకటిస్తుంటుంది. నౌకాదళం పోస్టులకు ప్రాథమిక అగ్నిమాపక కోర్సు అడిగిన సందర్భాలు ఉన్నాయి కాబట్టి, నోటిఫికేషన్‌లో ఆ మాట కనిపించిన రోజున, వాళ్లు ఒప్పుకునే సంస్థ ఏదో చూసుకుని అప్పుడు చేరవచ్చు. ముందే చేరడం వల్ల లాభం లేదు.

ఇక చదువు. ఈ వృత్తిలోకి రావాలనుకునే పిల్లలు ఎక్కువగా ఒంటి మీద పెట్టినంత దృష్టి పుస్తకం మీద పెట్టరు. ధైర్యం ఉంటే చాలనుకుంటారు. విశాఖలాంటి ఊళ్లో ఆ అభిప్రాయం చాలా ప్రమాదకరం. ఇక్కడ కాలేది గడ్డివాములు, పాత సామాను మాత్రమే కాదు. రిఫైనరీ ఉంది, గ్యాస్ నిల్వలు ఉన్నాయి, ఓడరేవు ఉంది, ఉక్కు కర్మాగారం ఉంది, పరవాడ, అచ్యుతాపురం వైపు మందుల కంపెనీలు, అవి వాడే సాల్వెంట్లు, అంటే రసాయనాలను కరిగించే ద్రవాలు, ఉన్నాయి. ఇంజను దిగిన మనిషికి ఎదురుగా ఉన్న పదార్థం ఏమిటో తెలియకపోతే, అతని ధైర్యమే అతన్ని ముందుకు తోసి ముంచుతుంది.

మీ తమ్ముడు ఇప్పటికే చదివేసిన ఇంటర్ ఫిజిక్సు, కెమిస్ట్రీ పుస్తకాలను అటకెక్కించవద్దని చెప్పండి. ఫైర్ సైన్సు మొదటి సంవత్సరం పాఠం సగం వాటిలోనే ఉంది. ఒక్క గుప్తోష్ణం, అంటే మరిగిన నీరు ఆవిరిగా మారడానికి తీసుకునే వేడి, తీసుకోండి. ముప్పై డిగ్రీల దగ్గరున్న ఒక కిలో నీటిని మరిగే దాకా తేవడానికి సుమారు 290 కిలోజౌళ్లు పడుతుంది. అదే నీరు మరిగే దశ నుంచి పూర్తిగా ఆవిరి కావడానికి సుమారు 2,257 కిలోజౌళ్లు పడుతుంది. అంటే నీరు మంటలోని వేడిని గుంజుకునే శక్తి చాలావరకు ఆవిరయ్యే క్షణంలోనే ఉంది. అందుకే గదిలో మంట మీద నీటిని ధారగా కొట్టి నేల మీద మడుగు కట్టిస్తే దండగ. సన్నని తుంపరగా కొట్టి, ప్రతి చుక్కా ఆవిరయ్యేలా చూస్తే తక్కువ నీటితో పని అవుతుంది. అయితే ఆ ఆవిరి మరిగే ఉష్ణోగ్రత దగ్గర సుమారు 1,700 రెట్లు వ్యాపిస్తుంది. పొగ పోయే దారి లేని గదిలో లెక్క లేకుండా తుంపర కొడితే, ఆ ఆవిరి తిరిగి కొట్టినవాడి మీదికే వస్తుంది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా చదివిన విషయం ఇక్కడ చెవులు, మెడ కాలడమా కాలకపోవడమా అన్నది తేలుస్తుంది.

వంటింటి నూనె మంట కూడా ఇదే సూత్రం. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదని అందరికీ తెలుసు గానీ, ఎందుకో అడిగితే చెప్పేవాళ్లు తక్కువ. నీరు నూనె కంటే బరువు, అడుక్కి దిగుతుంది. అక్కడ నూనె మూడు వందల డిగ్రీలు దాటి ఉంటుంది. దిగిన నీరు ఒక్కసారిగా ఆవిరై, పైనున్న మండే నూనెను చిమ్మి గది నిండా వెదజల్లుతుంది. ముడిచమురు ట్యాంకు గంటల తరబడి మండినప్పుడు అడుగున చేరిన నీటితో జరిగే ‘బాయిల్ ఓవర్’ దీనికే పెద్ద రూపం. మూకుడును అర్థం చేసుకున్న విద్యార్థికి ట్యాంకు కొత్తగా అనిపించదు.

గ్యాస్ సంగతి మరీ ముఖ్యం. వంటగ్యాస్ గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే పైకి పోదు, నేలబారుగా పాకి కాలువల్లోకి, గుంటల్లోకి దిగుతుంది. ఒక లీటరు ద్రవం సుమారు 250 లీటర్ల వాయువు అవుతుంది. గాలిలో దాదాపు రెండు శాతం చేరితే చాలు, అంటుకుంటుంది. పది శాతం దాటితే మండదు, కానీ గాలి తగిలి పలచబడుతున్నకొద్దీ మళ్లీ మండే హద్దులోకి వస్తుంది. 1997 సెప్టెంబరు 14 ఉదయం మన రిఫైనరీలో జరిగిన ఘోరం, 60 మంది దాకా ప్రాణాలు పోయిన ఆ దుర్ఘటన, లీకైన ద్రవీకృత గ్యాస్ మేఘంలా పరుచుకుని నిప్పు అందుకోవడం వల్ల జరిగినదే. గ్యాస్ లీకు దగ్గరికి గాలివాటం చూసుకుని, గాలి వస్తున్న వైపు నుంచి మాత్రమే వెళ్లాలనీ, మండుతున్న గ్యాస్ మంటను వాల్వు మూసే వీలు లేనప్పుడు ఆర్పకూడదనీ శిక్షణలో పదే పదే చెప్పేది ఇందుకే. మంట ఉన్నంతసేపు గ్యాస్ ఎక్కడుందో కంటికి తెలుస్తుంది; ఆర్పేస్తే ఎక్కడికి పాకిందో తెలియదు. చుట్టుపక్కల ట్యాంకులను నీటితో చల్లబరుస్తూ వాల్వు దగ్గరికి చేరడమే అక్కడ చేయవలసిన పని.

2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ అనే ద్రవం ఆవిరి ఊరి మీద పడినప్పుడు అసలు మంటే లేదు. లాక్‌డౌన్‌లో కదలిక లేకుండా ఉన్న ట్యాంకులో స్టైరీన్ తనంతట తాను పాలిమరుగా మారుతూ వేడెక్కింది, ఆ వేడి ఇంకా వేగంగా మార్చింది. ఆ తెల్లవారుజామున ఇళ్లలోకి వెళ్లి జనాన్ని భుజాన వేసుకుని తెచ్చినవాళ్లకు కావలసింది నీటి ధార కాదు, శ్వాస పరికరం, రసాయనం గురించి జ్ఞానం. అలాగే 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బరులో పక్కపక్కనే ఆనించి కట్టిన మరబోట్లు ఒకదాని నుంచి ఒకదానికి అంటుకుని సుమారు 40 తగలబడ్డాయి. ప్రతి బోటులోనూ డీజిలు, వంటకు గ్యాస్ సిలిండరు ఉంటాయి. ఇలాంటి చోట మంట ఆర్పడం కంటే, ఇంకా అంటుకోని బోట్లను విడదీసి దూరం చేయడం ముందు ఆలోచించాలి. మందుల కంపెనీల్లో మెథనాల్, అసిటోన్ వంటి నీటిలో కలిసే సాల్వెంట్లు ఉంటాయి. మంట మీద కప్పే మామూలు నురగ, ఫోమ్, వాటి మీద నిలవదు, విరిగిపోతుంది, ఆల్కహాలును తట్టుకునే ఫోమ్ వేరే ఉంటుంది. ఈ తేడా తెలియని బృందం మంచి ఫోమ్ అంతా పోసి చేతులు ఖాళీ చేసుకుంటుంది.

కాబట్టి ఇప్పటి నుంచే దహనం, ఫ్లాష్ పాయింట్ (ద్రవం మీది ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే కనిష్ఠ ఉష్ణోగ్రత), మండే హద్దులు, వేడి ప్రసరించే మూడు విధాలు, ద్రవపీడనం, వాయు నియమాలు, కర్బన రసాయనం మళ్లీ చదవమనండి. చదువుతున్నప్పుడు ప్రతి సూత్రానికీ ఇంట్లోనో వీధిలోనో ఒక ఉదాహరణ వెతుక్కోమనండి.

శిక్షణలో ఏం జరుగుతుందో కొంచెం దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే బయటివాళ్లు ఊహించుకునేదానికీ దానికీ చాలా దూరం ఉంటుంది. మొదటి వారాల్లో మంట కనిపించదు. స్క్వాడ్ డ్రిల్, నీటి గొట్టంతో చేసే హోస్ డ్రిల్, నిచ్చెన డ్రిల్, పంపు డ్రిల్, తాళ్ల ముడులు, వీటితోనే గడుస్తుంది. మన డెలివరీ హోసు 63 మిల్లీమీటర్ల వ్యాసం, సాధారణంగా 15 మీటర్ల పొడవు. ఖాళీగా ఉన్నప్పుడు చుట్ట చంకన పెట్టుకుని పరుగెత్తవచ్చు. నీరు నిండగానే ఒక్క హోసులో దాదాపు 47 లీటర్లు, అంటే అన్ని కిలోలు, చేరుతుంది. మూడు హోసులు కలిపి లాగుతున్నవాళ్లు నీళ్లే 140 కిలోలు ఈడుస్తున్నారన్నమాట. అందుకే నీరు వదలకముందే హోసును మలుపుల దగ్గర వెడల్పుగా పరుచుకోవడం, మెట్ల మీద వంపు పడకుండా చూసుకోవడం నేర్పిస్తారు. హోసు చివర చేత్తో పట్టుకునే గొట్టం, అంటే బ్రాంచ్, దగ్గర 20 మిల్లీమీటర్ల నాజిల్‌కు అయిదు బార్ల పీడనం ఇస్తే, నిమిషానికి దాదాపు 600 లీటర్లు పోతుంది. దాని వెనుకదన్ను 32 కిలోల బరువు తోసినంత ఉంటుంది. ఒక్కడు కాసేపు పట్టుకోగలడు గానీ అలా నిలబడి దిశ మార్చలేడు, అందుకే వెనుక ఇంకొకడు ఉంటాడు. ఇదే లెక్కను ఇంకో వైపు నుంచి చూడండి: 4,500 లీటర్ల ట్యాంకు ఉన్న ఇంజను ఆ ఒక్క ధారకే ఏడున్నర నిమిషాల్లో ఖాళీ అవుతుంది. ‘ఫైర్ ఇంజను వచ్చింది, నీళ్లు అయిపోయాయట’ అని జనం కోప్పడుతుంటారు. ఆ ఏడు నిమిషాల్లో హైడ్రెంటో (ఇంజనుకు నీరందించే పైపు కుళాయి), చెరువో, రెండో ఇంజనో చూసుకోవడం స్టేషన్ అధికారి మొదటి ఆలోచన కావాలి. చెరువు నుంచి తోడేటప్పుడు మళ్లీ ఫిజిక్సే: వాతావరణ పీడనం నీటిని సుమారు పది మీటర్లకు మించి పైకెత్తలేదు, పంపు లోపాలు, రాపిడి పోను ఏడెనిమిది మీటర్లే నమ్ముకోవాలి. గట్టు అంతకంటే ఎత్తుగా ఉంటే ఇంజను ఎంత మొత్తుకున్నా నీరు ఎక్కదు.

శ్వాస పరికరం, మేము బి.ఏ. సెట్ అనేది, అసలు పరీక్ష. ఆరు లీటర్ల సిలిండరును 300 బార్ల దాకా నింపితే అందులో 1,800 లీటర్ల గాలి ఉంటుంది. నిమిషానికి 40 లీటర్లు పీలుస్తారని లెక్క వేసి 45 నిమిషాలు అని రాస్తారు. కానీ హోసు లాగుతూ, మోకాళ్ల మీద పాకుతూ, భయంతో ఉన్న కుర్రవాడు 60 లీటర్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పీలుస్తాడు. సుమారు 50 బార్ల దగ్గర హెచ్చరిక ఈల మోగుతుంది. అప్పటికి 1,500 లీటర్లు ఖర్చవుతాయి, అంటే 25 నిమిషాలే. ఈల మోగాక బయలుదేరడం తప్పు, ఈల మోగేసరికి బయట ఉండాలి. లోపలికి వెళ్లడానికి ఎంత గాలి ఖర్చయిందో గేజి చూసుకుని, తిరిగి రావడానికి అంతకంటే ఎక్కువ మిగిల్చుకోవాలి.

పొగ గదిలో మొదటిసారి వెళ్లే జట్టును గమనిస్తే ఎవరు నిలబడతారో తెలిసిపోతుంది. గోడకు ఒక చేతిని ఆనించి, ఆ చేతిని ఎప్పటికీ విడవకుండా, రెండో చేతితో, కాలితో ఎదుట తడుముకుంటూ పోవాలి. కుడి చెయ్యి గోడకు ఆనించి వెళ్లినవాడు తిరిగి వచ్చేటప్పుడు ఎడమ చెయ్యి ఆనించుకుని అదే గోడ వెంట వస్తాడు. తడిమేటప్పుడు అరచేతితో కాక చేతి వెనుక భాగంతో తడమాలి. ఎక్కడైనా కరెంటు తీగ తగిలితే, కండరాలు ముడుచుకున్నప్పుడు చెయ్యి తీగను పట్టుకోకుండా దూరం జరుగుతుంది. తలుపు తెరిచే ముందు కూడా అంతే, చేతి వెనుక భాగంతో కిందినుంచి పైదాకా తాకి సెగ చూడాలి. లోపల పెద్దపెద్ద కండలున్న పిల్లలు ముసుగు పీకేయబోయి నిమిషాల్లో బయటికి వచ్చేయడం, సన్నగా ఉన్నవాడు నెమ్మదిగా ఊపిరి లెక్కపెట్టుకుంటూ, చిక్కుకున్న మనిషికి బదులు పెట్టిన బొమ్మను ఈడ్చుకుని రావడం నేను చాలాసార్లు చూశాను. ఇరుకు, చీకటి అంటే భయం ఉందేమో ఇప్పుడే గమనించుకోమని మీ తమ్ముడికి చెప్పండి. కొంత భయం సాధనతో పోతుంది. బాగా ఎక్కువగా ఉంటే దాచిపెట్టుకోవడం అతనికీ, అతని వెనుక నిలబడేవాడికీ మంచిది కాదు.

ఒంటి సాధన గురించి జిమ్ములో అద్దం ముందు చేసేదాని మీద ఆధారపడవద్దు. ఈ పనికి కావలసింది బరువుతో మెట్లెక్కే శక్తి, పట్టు, నడుము బలం, ఊపిరి. విశాఖ పిల్లలకు దేవుడిచ్చిన వసతి ఉంది: సింహాచలం మెట్లు. మొదట ఖాళీగా, తరువాత అయిదు కిలోల సంచితో, అలా నెలలు గడిచేకొద్దీ పెంచుకుంటూ ఎక్కమనండి. దిగేటప్పుడు మోకాళ్లు పాడవకుండా నెమ్మదిగా దిగాలి. పరుగు వారంలో నాలుగు రోజులు చాలు, అందులో ఒకటి అయిదు కిలోమీటర్లు గడియారం పెట్టుకుని. బీచ్ రోడ్డు మీద తారులో పరుగెత్తడం కంటే మట్టి మైదానం మంచిది. తడి ఇసుక మీద అప్పుడప్పుడు పరుగు పిక్కలకు బలం. ఈత తప్పనిసరిగా నేర్చుకోవాలి, మన శాఖ తుపానుల్లోనూ వరదల్లోనూ ముందుంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊరిని కూల్చినప్పుడు సిబ్బంది చేసింది చెట్లు కోసి దారి చేయడం, మనుషుల్ని చేర్చడం. మన ఊరి ఉక్కలో చెమట ఆరదు, కాబట్టి ఒళ్లు చల్లబడదు. దాని మీద మందపాటి కోటు, హెల్మెట్, సిలిండరు వేసుకుంటే వడదెబ్బ మంట కంటే ముందే కొడుతుంది. ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని చెమట కారిస్తే అలవాటు పడతామని కొందరు పిల్లలు చేస్తుంటారు. అది ప్రాణాంతకం, చేయనివ్వకండి. ఎండకు అలవాటు రెండు మూడు వారాల్లో క్రమంగా పెరుగుతుంది, నీళ్లు దాహం వేయకముందే తాగాలి.

ఇంజినీరింగ్ దారి ఇష్టమైతే దేశంలో పేరున్నవి రెండు చెబుతాను. నాగపూర్‌లోని జాతీయ అగ్నిమాపక సేవా కళాశాల కేంద్ర హోంశాఖ కింద ఉంది. 1956లో రాంపూర్‌లో మొదలై మరుసటి ఏడాది నాగపూర్‌కు మారింది. అక్కడ ఫైర్ ఇంజినీరింగ్‌లో డిగ్రీ కోర్సు ఉంది, సర్వీసులో ఉన్నవాళ్లకు సబ్ ఆఫీసర్, స్టేషన్ ఆఫీసర్ కోర్సులూ నడుస్తాయి. కొచ్చిన్ విశ్వవిద్యాలయంలో సేఫ్టీ అండ్ ఫైర్ ఇంజినీరింగ్ బి.టెక్. ఉంది. ఈ రెండింట్లో ఏది వచ్చినా ఆలోచించకుండా పంపండి. రాకపోతే ఇక్కడే కెమికల్ లేదా మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, తరువాత ఫైర్, సేఫ్టీలో పై చదువు చదవడం నా దృష్టిలో పేరు తెలియని కాలేజీలో నేరుగా ఫైర్ బి.టెక్. చేయడం కంటే గట్టి పునాది. ఆడపిల్లలు ఈ చదువుకు పనికివస్తారా అని కూడా మీరు అడిగారు. నాగపూర్ కళాశాలలో 2002లో చేరిన హర్షిణి కన్హేకర్ గారు అక్కడ చదివిన తొలి మహిళ, తరువాత ప్రభుత్వ చమురు సంస్థ ఓ.ఎన్.జి.సి.లో అగ్నిమాపక అధికారి అయ్యారు. మీకు ఆసక్తి ఉంటే మీరూ చేరవచ్చు.

సేఫ్టీ ఆఫీసర్ కావాలంటే ఇంజినీరింగ్ డిగ్రీ లేదా పాలిటెక్నిక్ డిప్లొమా, ఫ్యాక్టరీలో కొంత అనుభవం, ఆ పైన ప్రభుత్వం గుర్తించిన ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా, ఈ వరుసలో వెళ్లాలి. ఇంటర్ మీద ఆరు నెలల కోర్సు ఆ వరుసను దాటించలేదు. ఎప్పుడైనా ఏ సంస్థలోనైనా చేరే ముందు మూడు విషయాలు కాగితం మీద అడిగి తీసుకోండి: ఒకటి, ఈ డిప్లొమాను గుర్తించినది సాంకేతిక విద్యా మండలా, విశ్వవిద్యాలయమా, లేక వాళ్లు నమోదు చేసుకున్న ట్రస్టా; రెండు, నీటితో నిండిన హోసు, బి.ఏ. సెట్, నిజమైన మంట మీద ఎన్ని గంటల సాధన ఉంటుంది. మూడు, ఉద్యోగం ఖాయమంటున్నారు కదా, ఏ కంపెనీలో, ఎవరి పేరోలు మీద. మూడోదానికి నోటి మాటే తప్ప రాత దొరకలేదంటే లేచి వచ్చేయండి. గల్ఫ్ పేరు చెప్పి అడిగే డబ్బుకు ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. అక్కడి మంచి కంపెనీలు చూసేది అంతర్జాతీయంగా చెల్లే సర్టిఫికెట్టు, సర్వీసు అనుభవం. రెండూ లేకుండా వెళ్లిన పిల్లలు అక్కడ గేటు దగ్గర కాపలా కాస్తున్నారు.

అమ్మగారి భయం గురించి. ప్రమాదం లేదని నేను అబద్ధం చెప్పలేను. 1944 ఏప్రిల్ 14న బొంబాయి డాక్సులో పేలుడు సరుకు ఉన్న ఓడ మంటలార్పుతూ 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. వాళ్ల స్మృతిలోనే ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతున్నాం. అయితే సిబ్బందికి ముప్పు ఎక్కువగా మంట నాలుకల నుంచి రాదు. పొగ, వేడికి గుండె మీద పడే భారం, కూలే గోడలు, హడావిడిగా వెళ్లేటప్పుడు రోడ్డు ప్రమాదాలు, వీటి నుంచి వస్తుంది. నెమ్మదిగా వచ్చే ముప్పు ఇంకొకటి ఉంది: 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం అగ్నిమాపక వృత్తిలో ఎదురయ్యే పదార్థాలకు గురికావడాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. మసి పట్టిన కోటును గొప్ప గుర్తులా ఇంటికి తెచ్చి కొయ్యకు తగిలించడం పాత అలవాటు. దాన్ని పూర్తిగా మానాలి. కోటు, చేతి తొడుగులు స్టేషన్లోనే కడగాలి, మంట చల్లారి పొగ మాత్రం ఉన్న దశలో ముసుగు తీసేయకూడదు, స్నానం చేశాకే పిల్లల్ని ఎత్తుకోవాలి. ఈ నియమాలు పాటించే స్టేషన్లు ఎన్నో ఉన్నాయి, పాటించనివి కూడా ఉన్నాయి. మీ తమ్ముడు పాటించేవాళ్లలో ఉంటాడా లేదా అన్నది అమ్మగారు అతన్నే అడగవచ్చు. వారోత్సవాల సమయంలో ఆమెను సూర్యాబాగ్ స్టేషనుకు తీసుకువెళ్లండి. ఆ రోజుల్లో స్టేషన్లలో డ్రిల్ చూపిస్తారు, సిబ్బందితో మాట్లాడవచ్చు. నేను ఎంత రాసినా అక్కడ ఒక గంట చూసినంత ధైర్యం ఆమెకు రాదు.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు మీ తమ్ముడికి ఒక పరీక్ష చేయించండి. కంటి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లి చూపు, ముఖ్యంగా రంగులు గుర్తించే శక్తి, చూపించండి. చుక్కల బొమ్మల్లో అంకెలు చదివించే ఆ చిన్న పరీక్షకు పెద్దగా ఖర్చు కాదు. రంగుల తేడా గుర్తించలేనివాళ్లను సి.ఐ.ఎస్.ఎఫ్. వైద్య పరీక్షలో తీసివేస్తారు, తక్కిన చోట్లా అది అడ్డే. ఏళ్ల తరబడి పరుగెత్తి, రాత పరీక్ష నెగ్గి, ఆఖరి రోజున ఈ సంగతి తెలుసుకుని కుప్పకూలిన పిల్లల్ని చూశాను. అతని చూపు బాగుంటే రేపటి నుంచే మెట్లు ఎక్కడం మొదలుపెట్టమనండి, సి.ఐ.ఎస్.ఎఫ్. సిలబస్ తెచ్చివ్వండి. తేడా ఉందని తేలితే నిరాశ పడవద్దు, పైన చెప్పిన కెమికల్ లేదా మెకానికల్ ఇంజినీరింగ్ దారిలో పాత ప్రవేశ పరీక్షల ప్రశ్నపత్రాలు ఎక్కడ దొరుకుతాయో, ఏ క్రమంలో చదవాలో నేను వేరుగా రాస్తాను.